మన మాన్యువల్‌ను మనమే చదవాలి

కార్మికోద్యమ పత్రికలో "యజమాని" అనే మాట వచ్చినప్పుడు పాఠకుడు దానిని తనకు అన్వయించుకోడు. ఆ మాట ఎప్పుడూ ఎదుటి పక్షానిదే. కాని వాయిదాల మీద కొనుక్కొని, నెలనెలా జీతంలో నుంచి బాకీ తీర్చుకుంటూ మనం నడుపుకొనే మోటారు సైకిలు విషయంలో మాత్రం ఆ మాట మనకే చెల్లుతుంది. బండితో పాటు ఇచ్చే చిన్న పుస్తకం పేరే "ఓనర్స్ మాన్యువల్", అనగా యజమాని చేతిపుస్తకం. ఆ పుస్తకాన్ని ఇంట్లో ఏ అటక మీదనో పడవేసి, మన బండికి ఏ ఇంజన్ ఆయిల్ పోయవలెనో నిర్ణయించే అధికారాన్ని ఇతరులకు అప్పగించి మనం నిశ్చింతగా ఉంటున్నాము. ఈ నిశ్చింతకు మనం చెల్లిస్తున్న మూల్యమేమిటో ఈ సంపాదకీయంలో చర్చించదలచాము.

వేతన సవరణ, పింఛను, ఖాళీల భర్తీ వంటి సమస్యలు ముందుండగా నూనె డబ్బా మీద సంపాదకీయమా అని కొందరు మిత్రులు ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్న సహజమే. అయితే మన ఉద్యోగాలు నేడు ఏ చక్రాల మీద నడుస్తున్నవో ఒకసారి ఆలోచించండి. ఊరూరికీ టపా సంచి మోసే గ్రామీణ డాక్ సేవక్ తన సొంత బండి మీదనే తిరుగుతున్నాడు. అర్ధరాత్రి రెండు గంటలకు డ్యూటీకి పిలుపు వచ్చిన లోకో పైలట్, లాబీ చేరడానికి తన బండినే నమ్ముకొన్నాడు. ఊరికి దూరంగా ఉన్న లెవెల్ క్రాసింగుకు పోయే గేట్‌మన్, సెక్షన్‌కు చేరవలసిన ట్రాక్‌మన్ కూడ అంతే. దారిలో బండి మొరాయిస్తే ఆలస్యానికి సంజాయిషీ ఇచ్చేది మనము. బోరు, పిస్టన్ మార్చవలసి వస్తే ఖర్చు భరించేది కూడ మనమే. కావున ఇది మన జేబుకూ, మన డ్యూటీకీ సంబంధించిన విషయమే.

ఆయిల్ మార్చే చోట జరిగే సంభాషణ మనందరికీ పరిచితమైనదే. "ఎండలు మండిపోతున్నాయి, చిక్కటిది పోస్తాను, ఇంజన్ గట్టిగా ఉంటుంది" అంటారు ఒకరు. "అన్ని బండ్లకూ ఇదే పోస్తున్నాము, ఏమీ కాదు" అంటారు మరొకరు. చెప్పేవారిలో దురుద్దేశం ఉండనక్కరలేదు. దుకాణంలో ఉన్న సరుకును అమ్ముకోవడం వారి వృత్తి; పాత బండ్ల మీద చేయి తిరిగిన మెకానిక్ పాత అలవాటు ప్రకారమే చెప్తాడు. కాని వారు చెప్పినది మన ఇంజనుకు తగినదా కాదా అని తేల్చుకొనే సాధనం మన చేతిలోనే ఉన్నది. దానిని వాడుకొనకపోవడమే మన లోపం.

ఇంజనులో తిరిగే భాగాలు ఒకదానినొకటి నేరుగా రాసుకొనకుండ వాటి మధ్య పలుచని నూనె పొర నిలుస్తుంది. ఆ పొర ఎంత గట్టిగా నిలుస్తుందో, ఎంత తేలికగా ప్రవహిస్తుందో నిర్ణయించే గుణమే స్నిగ్ధత. వాడుకలో దీనిని చిక్కదనం అంటాము. నూనె మరీ పలుచనైతే వేడికీ, బరువుకూ ఆ పొర తెగి లోహం లోహాన్ని అరగదీస్తుంది. మరీ చిక్కనైతే స్టార్టు చేసిన వెంటనే పై భాగాలకు చేరడంలో జాప్యం జరుగుతుంది. పంపు దానిని నెట్టలేక శ్రమిస్తుంది. ఇంజను శక్తిలో కొంత భాగం నూనెను చిలకడానికే వ్యర్థమై పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. కాబట్టి చిక్కనిదంతా బలమైనదని కాని, పలుచనిదంతా మేలైనదని కాని భావించడం పొరపాటు. ఏ ఇంజనులో భాగాల మధ్య ఎంత ఎడమున్నదో, పంపు ఎంత ఒత్తిడి ఇవ్వగలదో, నూనె ఎంత వేడెక్కుతుందో లెక్క వేసి రూపొందించినవారు దానికి తగిన స్నిగ్ధతను కూడ నిర్ణయిస్తారు. మాన్యువల్‌లో అచ్చయ్యే అంకె ఆ లెక్కకు వచ్చిన జవాబు.

రైల్వే కార్మికునికి ఇది కొత్త పాఠం కాదు. ఆవిరి యంత్రాల కాలంలో సిలిండర్లలోని వేడి ఆవిరికి తట్టుకొనే చిక్కని నూనె వేరు, ఇరుసులకూ బేరింగులకూ పోసే నూనె వేరు. ఒకదాని చోట మరొకటి పోయడం డ్రైవరు ఊహకు కూడ వచ్చేది కాదు. కందెన కొరవడిన ఇరుసు ఎట్లా కాలుతుందో "హాట్ యాక్సిల్" అన్న రెండు మాటలు విన్న ప్రతి రైల్వే ఉద్యోగికీ తెలుసు.

1962లో అమెరికా నుంచి తొలి డబ్ల్యు.డి.ఎం.-2 డీజిల్ ఇంజన్లు దిగుమతి అయి, 1964 నుంచి వారణాసి కర్మాగారంలో వాటి తయారీ మొదలైన తర్వాత ఈ క్రమశిక్షణ మరింత శాస్త్రీయమైనది. ఏ ఇంజనుకు ఏ నూనె వాడవలెనో లక్నోలోని ఆర్.డి.ఎస్.ఓ. ప్రమాణాలు నిర్దేశిస్తాయి. షెడ్డుకు వచ్చిన ఇంజను నుంచి నూనె నమూనా తీసి ప్రయోగశాలలో పరీక్షిస్తారు. డీజిల్ కలిస్తే నూనె పలుచబడుతుంది, మసి చేరితే చిక్కబడుతుంది. స్నిగ్ధత హద్దు దాటినదని తేలితే కారణం వెతికి నూనె మార్చవలసిందే. నూనె ఒత్తిడి నిర్ణీత మట్టానికి దిగువకు పడితే ఇంజను తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు కూడ ఉన్నది. విద్యుదీకరణ విస్తరించి డీజిల్ ఇంజన్ల సంఖ్య తగ్గినప్పటికీ గుత్తి, కాజీపేట, మౌలాలి షెడ్లలో ఈ పని నేర్చిన చేతులు మన మధ్య అనేకం ఉన్నవి. సర్కారు ఇంజనుకు నమూనా తీసి పరీక్ష చేసే మనమే సొంత బండికి "ఏదో ఒకటి పోయండి" అని చెప్పడం విచారకరం కాదా?

ఇక డబ్బా మీది అంకెల సంగతి చూద్దాము. అమెరికాలో 1905లో ఏర్పడిన మోటారు వాహన ఇంజనీర్ల సంఘం, అనగా ఎస్.ఏ.ఇ., 1911లో నూనెలను స్నిగ్ధతను బట్టి వర్గీకరించడం ప్రారంభించింది. అనేక సవరణలు పొంది నేడు ప్రపంచమంతటా అమలులో ఉన్నది ఆ వర్గీకరణే. 10డబ్ల్యు-30, 20డబ్ల్యు-40, 15డబ్ల్యు-50 అని కనబడేవి అందులోని తరగతులే. ఇందులో "డబ్ల్యు" అంటే బరువు అని పలువురు అనుకొంటారు. అది శీతాకాలం అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటకు మొదటి అక్షరం. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే ఆ నూనె అంత తీవ్రమైన చలిలోనూ గడ్డకట్టక ఇంజనును తిరగనిస్తుంది. 20డబ్ల్యు నూనెను సున్నాకు 15 డిగ్రీలు దిగువన పరీక్షిస్తారు. 10డబ్ల్యు నూనెను 25 డిగ్రీలు దిగువన పరీక్షిస్తారు.

రెండవ అంకె నూనె వేడెక్కిన తర్వాతి స్నిగ్ధతను తెలుపుతుంది. దీనిని 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కొలుస్తారు. 30వ తరగతి నూనెకు ఆ వేడిలో 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల లోపు స్నిగ్ధత ఉండాలి. 40కి 12.5 నుంచి 16.3 లోపు, 50కి 16.3 నుంచి 21.9 లోపు ఉండాలి. 30, 40, 50 అనేవి తరగతుల పేర్లేగాని డిగ్రీలు కావు. "మన ఊళ్లో 45 డిగ్రీల ఎండ కాబట్టి 50 నంబరు కావాలి" అన్న వాదం ఈ అపోహ నుంచే పుట్టినది. రెంటచింతలలోనైనా రామగుండంలోనైనా బయటి ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో కూడ ఇంజనులోని నూనె అంతకు రెట్టింపు వేడిలో పని చేస్తుంది. ఆ వేడిని ఇంజనును రూపొందించినవారు ముందే లెక్కలోకి తీసుకొన్నారు.

10డబ్ల్యు-30 పోయమని మాన్యువల్ చెప్పిన చిన్న బండిలో 20డబ్ల్యు-50 పోస్తే ఏమగును? వెంటనే ప్రమాదమేమీ కనబడదు. శబ్దం కూడ కొంత తగ్గినట్లు తోచవచ్చు. అందువల్లనే ఈ పొరపాటు బయటపడదు. కాని ఇంజను వేడెక్కనంతవరకు ఆ నూనె తగిన నూనె కంటే సుమారు రెట్టింపు చిక్కగా ఉంటుంది. ప్రతి గడప ముందూ ఆపి మళ్లీ స్టార్టు చేసే టపా బంట్రోతు బండికి ఈ భారం మైలేజీ మీద పడక తప్పదు. ఇక 20డబ్ల్యు-50 కోరే పాత ఇంజనులో పలుచని నూనె పోస్తే, ఎండలో బరువుతో ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు పొర నిలవక అరుగుదల పెరుగుతుంది. అరిగి పొగ కొట్టే ఇంజనులో చిక్కని నూనె పోసి పొగనూ శబ్దాన్నీ అణచడం మరొక అలవాటు. అది జబ్బును దాచడమేగాని నయం చేయడం కాదు.

స్నిగ్ధతతో పాటు చూడవలసిన గుర్తులు మరి రెండు ఉన్నవి. ఒకటి ఎ.పి.ఐ. తరగతి. పెట్రోలు ఇంజన్లకు ఎస్.జె., ఎస్.ఎల్., ఎస్.ఎం., ఎస్.ఎన్. అనే వరుసలో ఇది నూనె నాణ్యతను సూచిస్తుంది. అక్షరం ముందుకు పోయిన కొద్దీ తరగతి కొత్తది. రెండవది మోటారు సైకిళ్లకు ముఖ్యమైన జాసో గుర్తు. గేర్ల బండిలో ఇంజనుకూ, గేర్లకూ, క్లచ్ ప్లేట్లకూ ఒకే నూనె. కారు కోసం తయారైన నూనెలలో కొన్నిటికి జారుడు పెంచే పదార్థాలు కలుపుతారు. అవి తగిలితే క్లచ్ జారుతుంది. అందుకే గేర్ల బండ్లకు జాసో ఎం.ఏ. రకాన్ని నిర్దేశిస్తారు. బెల్టుతో నడిచే గేర్లు లేని స్కూటర్లలో క్లచ్ నూనెలో మునగదు గనుక వాటికి ఎం.బి. రకం నిర్దేశించడం సాధారణం. అంకె సరిపోయినా ఈ గుర్తు సరిపోకపోతే ఆ నూనె మన బండికి తగినది కాదు.

పాత తరం మిత్రులకు ఒక మనవి. రెండు స్ట్రోకుల స్కూటర్ల కాలంలో పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసేవారము; అది పెట్రోలుతో పాటే కాలిపోయేది. 1985లో హీరో హోండా సి.డి.100 వచ్చిన తర్వాత నాలుగు స్ట్రోకుల బండ్లు క్రమంగా దేశమంతటా వ్యాపించాయి. వీటిలో లీటరుకు అటూఇటూగా ఉండే నూనె వేల కిలోమీటర్ల పాటు లోపలే తిరుగుతూ ఉంటుంది. తప్పు నూనె పోస్తే తర్వాతి మార్పిడి వరకు ఆ తప్పు లోపలే ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 నిబంధనలు అమలులోకి వచ్చినవి. ఒకే పేరుతో అమ్ముడుపోయే బండికి సైతం తయారైన సంవత్సరాన్ని బట్టి నిర్దేశించిన నూనె మారవచ్చు. కావున పక్కింటివాని బండికి పోసినదే మన బండికీ సరిపోతుందని అనుకోరాదు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని పరిశీలించవలసి ఉన్నది. "కంపెనీలు మైలేజీ లెక్కల కోసం పలుచని నూనె రాస్తాయి, తమ డబ్బాలే అమ్ముకొనడానికి మాన్యువల్‌ను వాడుకొంటాయి, వాటి మాటను కార్మికులు వేదవాక్కుగా ఎందుకు స్వీకరించాలి?" అన్నది ఆ అభ్యంతరం. ఇందులో కొంత నిజమున్నది. ఇంధనం ఆదా చేయవలసిన ఒత్తిడి వల్ల పలుచని తరగతుల వైపు తయారీదారులు మొగ్గుతున్న మాట వాస్తవం. అయితే ఆ నూనెకు తగినట్లుగానే ఆ ఇంజన్లను నిర్మిస్తున్నారు. బ్రాండు పేరు వేరు, ప్రమాణం వేరు అని మనం గుర్తించాలి. మాన్యువల్ చెప్పిన స్నిగ్ధత, ఎ.పి.ఐ. తరగతి, జాసో గుర్తు మూడూ సరిపోయిన నూనె ఏ నమ్మకమైన సంస్థదైనా ఇంజనుకు పనికివస్తుంది. వారంటీ కాలంలో మాత్రం అందులోని షరతులను కూడ చదువుకొని, రసీదు భద్రపరచుకోవాలి. నిర్దేశించని నూనె వాడారన్న నెపంతో మన హక్కును కాదనే అవకాశం ఎవరికీ ఇవ్వరాదు.

అంతేగాక అనేక మాన్యువళ్లు ఒకే అంకె చెప్పి ఊరుకోవు. బయటి ఉష్ణోగ్రతను బట్టి ఏ తరగతి వాడవచ్చునో పట్టిక రూపంలో చూపుతాయి. మన స్వేచ్ఛ ఆ పట్టికలోనే ఉన్నది. ఖరగ్‌పూర్‌లోనో, బిలాస్‌పూర్‌లోనో స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాలకూ, విజయవాడ ఆర్.ఎం.ఎస్.లో పని చేసే ఉద్యోగికీ సున్నాకు దిగువ ఉష్ణోగ్రతతో పని లేదు. వీరికి డబ్ల్యు ముందున్న అంకె కంటే వెనుక ఉన్న అంకె ముఖ్యం. సైనిక తపాలా సేవకు డెప్యుటేషన్ మీద లడఖ్ పోయిన తపాలా ఉద్యోగి సంగతి వేరు. సున్నాకు 20 డిగ్రీలు దిగువకు పడిపోయే ద్రాస్ చలిలో 20డబ్ల్యు నూనె ఇంజనును కదలనీయకపోవచ్చు. అక్కడ మొదటి అంకె ప్రాణసమానం. కాబట్టి ఉన్న చోటును, చేసే పనిని బట్టి మాన్యువల్ అనుమతించిన హద్దులలోనే ఎంచుకోవాలి. ఆ హద్దులు దాటి ప్రయోగాలు చేయడానికి మన జీతం చాలదు.

ఈ విషయంలో ప్రతి సభ్యుడూ చేయవలసిన పని స్వల్పం. మాన్యువల్‌లో ఇంజన్ ఆయిల్ పుట తెరిచి స్నిగ్ధత, ఎ.పి.ఐ. తరగతి, జాసో గుర్తు, పోయవలసిన పరిమాణం, మార్చవలసిన కిలోమీటర్లు, నెలలు ఒక చీటీ మీద రాసుకోండి. ఆ చీటీ బండి కాగితాలతో పాటు ఉంచండి. కిలోమీటర్లు, నెలలు అనే రెండింటిలో ఏది ముందు వస్తే అప్పుడు ఆయిల్ మార్చండి. డబ్బా సీలు మీ కళ్లెదుట విప్పించి, అంకె సరిచూసి పోయించండి. పాత నూనె పూర్తిగా దించించి, పోసిన తర్వాత మట్టం చూడండి. మాన్యువల్ పోయినదా, బండి పాతదిగా కొన్నదా? చాలా కంపెనీలు తమ వెబ్‌సైట్లలో మాన్యువళ్లు ఉంచుతున్నవి; మోడలు, తయారీ సంవత్సరం సరిచూసుకొని తీసుకోండి.

శాఖా సంఘాలకు కూడ ఇందులో బాధ్యత ఉన్నది. మన చేతికి వచ్చే మాన్యువళ్లలో అనేకం ఇంగ్లీషులోనే ఉన్నవి. ఇంగ్లీషు రాని ట్రాక్‌మన్‌కు, డాక్ సేవక్‌కు ఆ పుస్తకం మూసిన తలుపే. డీజిల్ షెడ్లలోనూ, తపాలా శాఖ మెయిల్ మోటార్ వర్క్‌షాపులలోనూ పని చేసిన ఫిట్టర్లు నెలవారీ సభ ముగిసిన తర్వాత ఒక అరగంట కేటాయించి, సభ్యుల బండ్లకు సంబంధించిన పుటలను తెలుగులో వివరిస్తే ఎంతో మేలు జరుగుతుంది. కొనేవారి భాషలో మాన్యువల్ ఇవ్వడం తయారీదారుల కనీస ధర్మమని కూడ మనం గట్టిగా అడగాలి.

చివరగా, అసలు భారం ఎవరిదన్న ప్రశ్నను మరువరాదు. సైకిల్ భత్యాన్ని రద్దు చేయవలసిందని 7వ వేతన సంఘం సిఫార్సు చేసింది. 2017లో కేంద్ర ప్రభుత్వం ఆ సిఫార్సును పక్కన పెట్టి, తపాలా శాఖలో పోస్టుమెన్‌కూ, రైల్వేలో ట్రాక్‌మెన్‌కూ దానిని కొనసాగించి, నెలకు 90 రూపాయల నుంచి 180 రూపాయలకు పెంచింది. భత్యం నిలవడం మంచిదే. కాని భత్యం పేరు సైకిల్, పని జరిగేది మోటారు సైకిల్ మీద. పెట్రోలు, ఆయిల్, టైర్లు, మరమ్మతులు అన్నీ ఉద్యోగి కుటుంబ ఆదాయంలో నుంచే పోతున్నవి. డ్యూటీ నిమిత్తం సొంత బండి వాడే ప్రతి ఉద్యోగికీ, గ్రామీణ డాక్ సేవక్‌తో సహా, ఆ ఖర్చు లెక్క ప్రకారం చెల్లించాలన్నది మన న్యాయమైన కోరిక. ఆయిల్ మార్చిన తేదీ, కిలోమీటర్లు, చెల్లించిన సొమ్ము ఒక పుస్తకంలో రాసిపెట్టిన ఉద్యోగి తన బండిని కాపాడుకోవడమే గాక ఈ కోరికకు తిరుగులేని సాక్ష్యాన్ని కూడ సమకూరుస్తున్నాడు. అటువంటి లెక్కలు వందలుగా చేరిననాడు బల్లకు అవతల కూర్చున్నవారు "ఇదంతా ఊహ" అనలేరు.

మన ఉద్యమ చరిత్రలో నిబంధనల పుస్తకాన్ని అధికారి కంటే బాగా చదివిన కార్యకర్తే ఎన్నో కేసులు గెలిపించాడు. పోస్టల్ మాన్యువల్‌నూ, రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ మాన్యువల్‌నూ పుట పుటా తిరగేసిన అలవాటు మనది. "నిబంధనల ప్రకారం పని" అన్న మాటకు ఎంత బలమున్నదో యాజమాన్యానికి మనమే నేర్పాము. ఆ అలవాటును మన ఇంటి ముందు నిలిచిన బండి దగ్గర మాత్రం ఎందుకు వదిలిపెట్టాలి? ఈ వారమే ఆ చిన్న పుస్తకం అటక మీద నుంచి దించి, ఇంజన్ ఆయిల్ పుట తెరవవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాము.